ఆల్టా హెవెనర్ తుడిచిన ఆరు గబ్బిలాలు

ఆల్టా హెవెనర్ పేరు చెబితే పంది తొడ గుర్తుకు రాని మనిషి మా లోయలో లేడు. ఇది ఎగతాళిగా అంటున్న మాట కాదు. ఉప్పు, ఎర్ర పంచదార, మిరియాల పొడి కలిపి పట్టించి, హికరీ కట్టెల పొగ పెట్టి, రెండు వేసవులు పొగ పట్టించే కొట్టంలో వేలాడదీసిన ఆమె తొడమాంసానికి జిల్లా ప్రదర్శనలో పద్నాలుగు సార్లు మొదటి బహుమతి నీలి రిబ్బను వచ్చింది. అందులో తొమ్మిది వరసగా వచ్చినవి. గవర్నరు గారింటి క్రిస్మస్ విందుకు ఒక ఏడాది ఆమె తొడే వెళ్ళింది. అంతకు ముందూ చెప్పుకోదగ్గవి ఉన్నాయి. తొమ్మిదో ఏట ట్రాక్టరు నడిపింది. ఒకే గది ఉన్న బడిలో ఎనిమిది తరగతులు చదివి, పన్నెండో ఏట స్పెల్లింగ్ పోటీలో పట్నం పిల్లలు ముప్పై మందిని ఓడించి కూర్చోబెట్టింది. భర్త కాలు విరిగి మంచాన ఉన్న ఏడాది, నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వారంలో ఏడు పందులను ఒక్క రోజులో ఒంటి చేత్తో కోసి, కండ కండగా విడదీసి ఉప్పులో పెట్టింది. ఇవన్నీ ఆమె చెప్పగా విన్నవే. అయితే వాటిలో ఒక్కటీ అబద్ధం కాదని మా లోయ అంతా సాక్ష్యం చెబుతుంది.

అంతటి మనిషి తన డెబ్బై ఆరో ఏట ఒక పొరపాటు చేసింది. తొడమాంసం ఊరబెట్టే చేయి తప్ప ఇంకెవరి చేయీ చేయని పొరపాటు అది.

ఆమె ఇంటి వెనక గుట్టలో ఒక గుహ ఉంది. ముత్తాతల కాలంలో అందులో తుపాకి మందుకు మట్టి తవ్వేవారు. తర్వాత అది హెవెనర్ల బంగాళాదుంపల కొట్టు అయింది. గుహ నోటి దగ్గర దుంపలూ ఆపిళ్ళూ, నలభై అడుగులు లోపలికి వెళితే గబ్బిలాలు. చలికాలమంతా నాలుగు వందల పైచిలుకు గబ్బిలాలు రాతికి తలకిందులుగా అంటుకుని, ఒంట్లో ఊపిరి ఉందా లేదా అన్నట్టు నిద్రపోతూ ఉంటాయి. ఆల్టా దీపం నేలకు దించి, దుంపలు బుట్టలో వేసుకుని, చప్పుడు చేయకుండా వచ్చేసేది. అరవై ఏళ్ళుగా అదే మర్యాద.

ఎండలు వచ్చాక వాటిలో ఆడవి కొన్ని ఆమె గడ్డికొట్టం పైకప్పు కిందికి చేరి పిల్లల్ని కంటాయి. ఆ సంగతి తెలిసి రాష్ట్ర వన్యప్రాణి విభాగం నుంచి మార్లా స్ట్రాడర్ అనే పిల్ల మూడు వేసవులు వరసగా వచ్చింది. పిల్ల అంటే ముప్పై దాటిన మనిషే, ఆల్టా లెక్కలో పిల్ల. గబ్బిలాన్ని మెల్లగా పట్టి, ముంజేతికి గోరంత అల్యూమినియం కడియం తొడిగి, దాని మీది అంకె రాసుకుని వదిలేసేది. ఆల్టా కళ్ళజోడు పెట్టుకుని పక్కన నిలబడి ఆ అంకెలు చదివి చెప్పేది. రెండో ఏటికల్లా మార్లా కన్నా ముందే చదివేది. ఆ సంగతీ అందరికీ చెప్పింది. అప్పటి నుంచి కడియాలున్న గబ్బిలాలను "మన పిల్లలు" అనడం మొదలుపెట్టింది.

రెండువేల తొమ్మిది ఫిబ్రవరిలో, మోకాలి లోతు మంచు ఉన్న రోజున, మిట్టమధ్యాహ్నం వంటింటి కిటికీ ముందు నుంచి ఒక గబ్బిలం ఎగిరిపోయింది. ఆల్టా చేతిలో బిస్కెట్లనే చిన్న మెత్తటి రొట్టెల పిండి గిన్నె అలాగే ఉండిపోయింది. కాసేపటికి వాగు అవతల రేకుల ఇంట్లో ఉండే తమ్ముడు ఓకీ బూట్లు దులుపుకుంటూ వచ్చాడు. ఓకీకి డెబ్బై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. రెండు పూటలా అక్క దగ్గరే భోజనం.

"అక్కా, నీ మెట్ల మీద గబ్బిలం చచ్చి పడుంది. నీ బిస్కెట్లు గానీ తిన్లేదు గదా?"

"నోర్ముయ్. ఈ మంచులో అదెందుకు బయటికొచ్చింది?"

"నన్నడిగితే? నాకేమైనా చెప్పి వస్తాయా?"

ఆల్టా ఓకీ చేతి తొడుగులు లాక్కుని, దీపం పట్టుకుని గుహకు నడిచింది. లోపలికి వెళ్ళాల్సిన పని కూడా లేకపోయింది. ఎప్పుడూ లోపల ఉండే గుంపులు దుంపల బుట్టల దాకా వచ్చి వేలాడుతున్నాయి. దీపం ఎత్తి చూసింది. మూతులన్నీ తెల్లగా ఉన్నాయి. పిండిలో ముక్కు ముంచి తీసినట్టు ముక్కు చుట్టూ, చెవుల అంచున, రెక్కల మడతల్లో తెల్లటి నూగు. చేతికందే ఎత్తులో ఆరింటి ముంజేతుల మీద కడియాలు మెరుస్తున్నాయి.

ఆమెకు భయం వేయలేదు. ఇంకా చెప్పాలంటే గుండె కుదుటపడింది. ఏమిటో తెలియని జబ్బనుకుంది, తీరా చూస్తే బూజు. బూజు సంగతి ఆల్టాకు చెప్పేవాళ్ళెవరు? పొగ పట్టించే కొట్టంలో వేలాడే ప్రతి తొడకూ వేసవిలో తెల్లబూజు పడుతుంది. తెలియని వాళ్ళు అయ్యో పాడైపోయిందని పారేస్తారు. తెలిసినవాళ్ళు ఆపిల్ వెనిగర్‌లో గుడ్డ ముంచి తుడిచేస్తారు. లోపల మాంసం గులాబి రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. పద్నాలుగు రిబ్బన్లూ అలా తుడిచి గెలిచినవే.

ఇంటికి వచ్చి సీసాలో వెనిగర్ పోసుకుంది. పిండి సంచి గుడ్డ చింపుకుంది. తోలు తొడుగులతో ఒక్కొక్క గబ్బిలాన్నీ రాతి మీద నుంచి ఊడదీసి, పసిబిడ్డ మూతి తుడిచినట్టు తుడిచి, మళ్ళీ రాతికి అంటించింది. అవి కళ్ళు తెరిచి, వణికి, కీచుమన్నాయి. "అంతే, అంతే, అయిపోయింది" అంటూ సముదాయించింది. తొడమాంసం సంచుల మీద తూకం, తేదీ రాసే అలవాటు కొద్దీ, ఆ ఆరింటి కడియాల అంకెలూ ఒక కాగితపు సంచి మీద పెన్సిలుతో రాసుకుంది. ఆరో దానితో సీసా ఖాళీ అయింది. మిగతావాటి సంగతి రేపు చూద్దామనుకుంది.

సాయంత్రం మార్లాకు ఫోను చేసింది. ఇంత గొప్ప పని చేసి ఎవరికీ చెప్పకుండా ఊరుకునే మనిషి కాదు.

"మార్లా, మన పిల్లలకి జబ్బు చేసింది. నేను నయం చేసేశా."

"ఏ పిల్లలకి, పెద్దమ్మా?"

"కడియాలున్న వాటికే. మూతుల మీద బూజు పట్టింది. ఆరింటికి తుడిచేశా. రేపు పెద్ద డబ్బా తీసుకెళ్ళి మిగతా వాటికీ తుడుస్తా. ఓకీ దీపం పట్టుకుంటానన్నాడు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఉన్నావా?"

"ఉన్నా. దేంతో తుడిచావ్?"

"వెనిగర్‌తో. ఇంక దేంతో తుడుస్తారు?"

"ఏదైనా కరిచిందా?"

"ఓకీ తొడుగులు వేసుకున్నాలే. కరిచినా ఓకీనే కరిచినట్టు."

మార్లా నవ్వలేదు. "పెద్దమ్మా, నా మాట విను. రేపు గుహలోకి పోవద్దు. ఓకీ మామయ్యని కూడా పోనివ్వద్దు. వేసుకెళ్ళిన బూట్లు బయటే విప్పేయ్, ఆ బూజు వాటికంటుకుని ఇంకో గుహకి పోతుంది. పొద్దున్నే వస్తున్నా."

మరునాడు మార్లా తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి కాగితపు బట్టలు తొడుక్కుంది. "ఏమ్మా, పెళ్ళి గుహలోనా?" అన్నాడు ఓకీ. ఆ పిల్ల ఒక్కతే లోపలికి వెళ్ళి గంట తర్వాత వచ్చింది. చచ్చినవాటిని రెండింటిని సంచిలో వేసి మూతి కట్టింది. ఆ బట్టలు విప్పి మరో సంచిలో కుక్కి, చేతులు కడుక్కుని, వంటింట్లో బల్ల ముందు కూర్చుంది. ఆల్టా తొడమాంసం పెట్టిన బిస్కెట్లు ముందు పెట్టింది. మార్లా ముట్టుకోలేదు. ఆ ఇంట్లో ఆ బిస్కెట్లు ముట్టని మనిషిని ఓకీ అదే మొదటిసారి చూడటం.

"న్యూయార్క్ వైపు మూడేళ్ళుగా ఇదే పెద్దమ్మా. గుహలకి గుహలు ఖాళీ అయిపోతున్నాయి. మన దాకా రాకూడదనుకున్నాం. వచ్చేసింది."

"బూజేగా?"

"బూజే. కానీ నీ తొడ మీద బూజు పైపైన కూచుంటుంది. ఇది తోలు లోపలికి వేళ్ళు తన్నుతుంది. తుడిస్తే తెల్లగా కనబడేది పోతుంది, అంతే. జబ్బు ఎక్కడికీ పోదు."

"నలభై ఏళ్ళు బూజుతో కాపురం చేశా. నాకు చెప్తున్నావా?"

"చెప్తున్నా" అంది మార్లా. గొంతు పెంచలేదు. "అసలు అది చంపేది ఎలాగో తెలుసా? నిద్ర చెడగొట్టి. ఆ గబ్బిలం చలికాలమంతా ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే బతకాలి. తినడానికి ఒక్క పురుగు కూడా ఉండదు. ఒక్కసారి మేలుకుని ఒళ్ళు వేడెక్కించుకుందంటే నెలకి పైగా సరిపోయే కొవ్వు ఖర్చయిపోద్ది. ఈ బూజు వాటిని ఊరికే లేపుతుంది. అందుకే ఆకలేసి మంచులోకి ఎగురుతున్నాయి."

ఆల్టా చేతులు ఏప్రాన్‌లో చుట్టుకుని కూర్చుంది. "నేను ఆరింటిని లేపా."

"అవును."

"అంటే చంపానా?"

మార్లా ఆమె వైపు చూసింది. అబద్ధం చెప్పే పిల్ల అయితే అప్పుడే చెప్పేసేది. "తెలీదు పెద్దమ్మా. నువ్వు తుడవకపోయినా చచ్చేవేమో. తుడిచినా బతుకుతాయేమో. బతికితే మే నెలలో నీ కొట్టానికే వస్తాయి. అప్పటిదాకా ఎవరికీ తెలీదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. నిన్న సాయంత్రం నువ్వు ఫోను చెయ్యకపోతే ఇవాళ ఆ నాలుగొందలూ లేచేవి."

వెళుతూ ఆ పిల్ల ఎవరూ లోపలికి పోకుండా గుహ నోటికి అడ్డంగా తాడు కట్టింది. దుంపలన్నీ లోపలే ఉండిపోయాయి.

ఆ తర్వాతి మూడు నెలలూ ఆల్టా ఎలా గడిపిందో ఓకీకి బాగా తెలుసు. మార్చిలో మంచు మీద చచ్చిన గబ్బిలాలు ఎక్కువయ్యాయి. ప్రతి పొద్దున్నా ఆమె పొయ్యి పట్టకారు తీసుకుని బయలుదేరేది. ఒక్కొక్కదాన్నీ తిరగేసి ముంజెయ్యి చూసేది. కడియం లేకపోతే ఊపిరి పీల్చుకునేది. కడియం ఉంటే కళ్ళజోడు కోసం తడుముకునేది. ముప్పై ఎనిమిదింటిని ఏరింది. నాలుగింటికి కడియాలున్నాయి గానీ, సంచి మీద రాసుకున్న అంకెలు కావు. అన్నిటినీ మార్లా చెప్పినట్టే సీసాల్లో పెట్టి ఫ్రీజరులో దాచింది.

"ఐస్‌క్రీం పక్కన శవాలు, గుహలో దుంపలు, పళ్ళెంలో కొట్లో కొన్న దుంపలు" అన్నాడు ఓకీ ఒక రోజు. "అక్కా, ఇవి సబ్బు ముక్కల్లా ఉన్నాయే!"

"తినకపోతే లే."

"తింటాలే. నువ్వే తినట్లేదు."

నిజమే. ఆమె తినడం లేదు. నిద్రా సరిగా లేదు. ఏప్రిల్‌లో అడవి ఉల్లి విందుకు అగ్నిమాపక కేంద్రంలో లోయ అంతా చేరింది. పక్క జిల్లా నుంచి వచ్చిన ఒకాయన, తొడమాంసం ఎలా ఊరబెడతారమ్మా అని మర్యాదగా అడిగాడు. ఓకీ కుర్చీ వెనక్కి జరుపుకుని సర్దుకుని కూర్చున్నాడు, గంట పని అనుకుని. "ఉప్పుతో" అని ఆల్టా లేచి వెళ్ళిపోయింది.

కొట్టంలో మాత్రం పని ఆపలేదు. పై తలుపు తెరిచి పెట్టింది. పైకప్పు దూలాల కింద నేల మీద పాత దుప్పట్లు పరిచింది, రెట్టలు పడితే తెలుస్తుందని. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసేది. మే రెండో తారీకున ఒక దుప్పటి మీద బియ్యపు గింజల్లాంటి నల్లటివి పదకొండు కనిపించాయి. ఆమె వాటిని వేలితో కదిలించి చూసి, నేరుగా ఇంట్లోకి వచ్చి, మార్లాకు ఫోను చేసింది. ఆగమంది ఆ పిల్ల. ఇప్పుడే వెళితే బెదురుతాయి, అన్నీ చేరనీ అంది. ఇరవై రోజులు ఆగింది ఆల్టా. మాంసం రెండు వేసవులు ఆరనిచ్చే మనిషికి ఆ ఇరవై రోజులు గడవడం కష్టమైంది.

మే ఇరవై రెండున, పొద్దున పదింటికి, మార్లా నిచ్చెన ఎక్కింది. ఓకీ నిచ్చెన పట్టుకున్నాడు. ఆల్టా కింద కాగితపు సంచీ పెన్సిలూ పట్టుకుని నిలబడింది. ఆ సంచి మీద ఆరు అంకెలున్నాయి. అవి చూడకుండానే ఆమెకు కంఠతా వచ్చు.

"ఎన్ని ఉన్నాయి?" అంది ఆల్టా.

"అరవై దాకా."

పోయిన ఏడు నూట తొంభై.

మార్లా తొడుగు వేసుకున్న చేత్తో ఒకదాన్ని మెల్లగా తీసి, కడియం వెలుతురుకు తిప్పింది. "ఐదొందల పన్నెండు."

ఆల్టా తల అడ్డంగా ఊపింది.

"నాలుగొందల డెబ్బై."

కాదు.

"ఐదొందల ఆరు... నూటా ఎనభై ఒకటి..."

కాదు. కాదు. ఓకీ నిచ్చెన పట్టుకున్న చేతుల మధ్య నుంచి అక్క మొహం చూస్తున్నాడు.

"మూడొందల నలభై నాలుగు."

ఆల్టా సంచిని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"పెద్దమ్మా? మూడొందల నలభై నాలుగు. ఉందా?"

"ఏమైందే? ఉందా లేదా?" అన్నాడు ఓకీ. "నా చేతులు పీకుతున్నాయి."

"ఉంది" అంది ఆల్టా. "మళ్ళీ చదువు."

మార్లా మళ్ళీ చదివింది. ఆ అంకె పక్కన పెన్సిలు గీత పడింది. ఆ తర్వాత రెండొందల పదిహేడు వచ్చింది. దూలం అవతలి చివర నాలుగొందల పదకొండు దొరికింది. అన్నీ అయిపోయాయనుకుని మార్లా ఒక మెట్టు దిగింది.

"ఆ మూల?" అంది ఆల్టా.

"చూశా."

"మళ్ళీ చూడు."

మార్లా మళ్ళీ ఎక్కింది. చెక్క చీలికలో చెయ్యి పెట్టి ఒకదాన్ని తీసింది. ఈసారి అంకె చదవకుండా రెక్క విప్పి చూస్తూ ఉండిపోయింది. రెక్క మీద చిల్లులు పడి మానిన గుర్తులు, పాత గొడుగుకు మాసికలు వేసినట్టు, వరసగా ఉన్నాయి. కడుపు ఉబ్బెత్తుగా ఉంది.

"మూడొందల యాభై ఎనిమిది" అంది. "కడుపుతో ఉంది పెద్దమ్మా. ఇంకో మూడు వారాల్లో పిల్ల."

ఆల్టా పక్కనున్న దాణా మూట మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఏప్రాన్ ఎత్తి మొహం మీద పెట్టుకుని ఏడ్చిందో నవ్విందో తేల్చడం కష్టం. ఓకీ నిచ్చెన వదిలేసి అక్క దగ్గరికి పరిగెత్తాడు.

"మామయ్యా! నేను పైనున్నా!" అని అరిచింది మార్లా.

"దిగు, దిగు, నీకేం, కుర్రదానివి" అన్నాడు ఓకీ, వెనక్కి చూడకుండానే.

దిగాక మార్లా దాణా మూట పక్కన నేల మీదే కూర్చుంది. ఆరింట నాలుగు. మిగతా రెండింటి సంగతి ఆల్టా అడిగింది. వేరే కొట్టం చూసుకుని ఉండొచ్చు, చచ్చిపోయి ఉండొచ్చు, అంది మార్లా. నీ వెనిగర్ వల్ల ఈ నాలుగూ బతకలేదు సుమా, నువ్వు లేపినా తట్టుకుని బతికాయి, అని కూడా అంది.

"తెలుసులే" అంది ఆల్టా. "ఈసారి గొప్పకి పోను."

"అది మాత్రం నమ్మను" అన్నాడు ఓకీ.

ఆ మధ్యాహ్నం ఆమె రెండు పళ్ళేలు తిన్నది. కొట్లో కొన్న దుంపలే. బాగున్నాయంది.

ఆదివారం సమాధులకు పూలు పెట్టే రోజు. చర్చి వెనక గడ్డిలో పొడవాటి బల్లలు వేసి, వేయించిన కోడీ, చిక్కుళ్ళూ, రూబార్బ్ కాడల తీపి పైలూ పరిచారు. భోజనానికి ముందు ప్రార్థన అయ్యాక, ఎవరూ అడగకుండానే ఆల్టా లేచి నిలబడింది. ఆమె లేస్తే ఎంతసేపు పడుతుందో తెలిసిన వాళ్ళు ఒక కోడి కాలు ముందే పళ్ళెంలో వేసుకున్నారు.

కానీ ఆమె చెప్పింది వేరు. ఫిబ్రవరిలో తను ఏం చేసిందో మొదటి నుంచి చెప్పింది. సీసా, గుడ్డ, ఆరు గబ్బిలాలు, ఫోను, అన్నీ. ఎక్కడా తగ్గించలేదు. "తొడమాంసం ఊరబెట్టే ఇళ్ళు ఈ లోయలో ఇరవై మూడున్నాయి. ఇరవై మూడిళ్ళలోనూ వెనిగర్ ఉంది. వచ్చే చలికాలం మీకూ తెల్ల మూతులు కనబడతాయి. మీకూ నాకు తోచిందే తోస్తుంది. తోచినా చెయ్యకండి."

బల్ల చివర కూర్చున్న హోబర్ట్ ప్రాప్స్ట్ గొంతు సవరించుకున్నాడు. ఆయన పొలంలోనూ ఒక గుహ ఉంది. జిల్లా ప్రదర్శనలో ఇరవై ఏళ్ళుగా ఆల్టాకు పోటీ ఆయనే. గెలిచింది రెండుసార్లు.

"ఆల్టా, నేను మార్చిలో తుడిచేశా" అన్నాడు. "పదో పన్నెండో. ఎవరికీ చెప్పలా."

ఎవరో నవ్వబోయి ఆగారు. ఆల్టా నవ్వలేదు. తన పళ్ళెం తీసుకుని బల్ల చివరికి నడిచి, ఆయన పక్కనే కూర్చుంది.

"నీ కొట్టంలో దుప్పట్లు పరిచావా?" అంది.

"లేదు. ఎందుకు?"

"రేపు పొద్దున పరుద్దాం. మార్లా నంబరు నా దగ్గరుంది. ఇంకా రావచ్చు. ఆలస్యంగా వచ్చేవి ఉంటాయట." ఆయన పళ్ళెంలోకి చూసి, ఒక కోడి ముక్క వేసింది. "తిను హోబర్ట్. తినకపోతే అవేం తొందరగా రావు. నేను చూశాగా."